ఇంటర్నెట్టుకు ఇన్‌చార్జి

ముత్యాలరేవు పడవల లైసెన్సుల కార్యాలయానికి నేను మూడు రోజుల పనిమీద వెళ్ళాను. అప్పుడు ఏప్రిల్ నెలాఖరు. ఇది రాస్తున్నది సెప్టెంబరులో, అదే కార్యాలయంలో, అదే కుర్చీలో కూర్చుని. మధ్యలో ఏం జరిగిందో చెబితే మా కాంట్రాక్టరు నమ్మలేదు. మా ఆవిడ సగం నమ్మింది. మీరెంత నమ్ముతారో మీ ఇష్టం.

నా పేరు తవిటినాయుడు. ఆఫీసుల్లో ఇంటర్నెట్టు లైన్లు బిగించడం, అవి పడిపోతే మళ్ళీ నిలబెట్టడం నా వృత్తి. ముత్యాలరేవులో లైను రోజుకు నాలుగుసార్లు పడిపోయేది. దానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు. తీగ రేవు రోడ్డుకు అడ్డంగా వేలాడుతూ వస్తుంది. ఆ రోడ్డు మీద ఐసు లారీలు తిరుగుతాయి. తీగ ఎంత ఎత్తులో ఉందో ఐసు లారీ సరిగ్గా అంత ఎత్తు ఉంటుంది.

అందుకని పై అధికారులు దయతలచి రెండో కంపెనీ దగ్గర రెండో లైను కూడా మంజూరు చేశారు. రెంటినీ కలిపి ఫైర్‌వాల్ అనే పెట్టెకు తగిలించమని నన్ను పంపారు. బయటినుంచి దొంగలు చొరబడకుండా కాపలా కాయడం ఆ పెట్టె అసలు ఉద్యోగం. రెండు లైన్లు తగిలిస్తే ఇంకో పని కూడా చేస్తుంది. ఐదు సెకన్లకోసారి బయట ప్రపంచాన్ని పలకరించి చూస్తుంది. మూడుసార్లు జవాబు రాకపోతే మొదటి లైను పడిపోయిందని గ్రహించి, ఎవరినీ అడక్కుండా రెండోదాని మీదికి మారిపోతుంది. ఈ ‘ఎవరినీ అడక్కుండా’ అన్న గుణమే మా కొంప ముంచింది.

ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. చిన్న ఊరు గనక రెండు కంపెనీలూ తమ లైనుకు ఇంటర్నెట్టులో చిరునామాగా ఉండే నంబరును స్థిరంగా ఇవ్వలేమన్నాయి. లైను పడి లేచినప్పుడల్లా కంపెనీవాళ్ళు తమ దగ్గర ఖాళీగా ఉన్న నంబరేదో దానికి తగిలించి పంపుతారు. పొద్దున ఒక నంబరు, మధ్యాహ్నం ఇంకొకటి. పెట్టెకు దాంతో ఏ పేచీ లేదు. ఏ నంబరు వస్తే ఆ నంబరు తీసుకుని పని చేసుకుపోతుంది. పేచీ మనుషులకే వచ్చింది.

రెండు లైన్లూ బిగించిన రోజున అందరినీ పిలిచి పరీక్ష చేసి చూపించాను. మొదటి తీగ పీకాను. పదిహేను సెకన్లలో రెండో లైను అందుకుంది. తెర మీద సగం ఎక్కిన దరఖాస్తు మిగతా సగం కూడా ఎక్కి కూర్చుంది. గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. కిటికీ అవతల వరసలో నిలబడ్డ పడవల వాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే కొట్టారు. కొట్టనివాడు ఒక్కడే, సూపరింటెండెంటు పైడిరాజుగారు. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసులో ఆయన ఏ కాగితాన్నీ తొందరపెట్టి ఎరగడు.

“రెండో లైను ఇప్పుడు ఎవరి ఆర్డరు మీద పనిలోకి వచ్చింది?” అని అడిగాడాయన.

ఆర్డరేమీ లేదు, దానంతట అదే వచ్చిందని చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూసి, తన సీటుకు వెళ్ళి, కొత్త ఫైలుకు తాడు కట్టాడు.

ఆ వరసలో అందరికంటే ముందు నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టినావిడ సూరాడ పోలమ్మ. యాభై దాటిన మనిషి. మాట కరుకు, చూపు చురుకు. ఆమె పడవ మీద ఐదు కుటుంబాలు బతుకుతాయి. చేపల వేట నిషేధం రెండు నెలలు ఉంటుంది, జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేనో తేదీ తెల్లవారేసరికి పడవ నీళ్ళలో దిగాలంటే కొత్త లైసెన్సు చేతిలో ఉండాలి. లేకపోతే కాపలా పడవ వాళ్ళు ఒడ్డుకే తిప్పి పంపేస్తారు. ఆ లైసెన్సు ఇవ్వాల్సింది పట్నంలోని ప్రధాన కార్యాలయం. దరఖాస్తు ఇక్కడినుంచి ఇంటర్నెట్టు మీద వెళ్ళాలి, లైసెన్సు అదే దారిన తిరిగి రావాలి. అలాంటి దరఖాస్తులు ఆ ఏడు రెండువందల తొంభై వచ్చాయి. పోలమ్మది రెండువందల పదకొండోది. చప్పట్లు కొట్టడంలో ముందున్నా, తన పేట మగవాళ్ళందరినీ వరసలో తన ముందు నిలబెట్టి వాళ్ళ తర్వాత కాగితం ఇవ్వడం వల్ల అంత వెనక్కి పడింది.

మర్నాడు ఉప సంచాలకులు పరాంకుశరావుగారు నన్ను లోపలికి పిలిపించారు. ఆయన చెడ్డవాడని ఎవరూ అనలేరు. లంచం ముట్టడు, పదిన్నరకు రావలసిన ఆఫీసుకు పదింటికే వస్తాడు. ఉన్న లోపమల్లా ఒక్కటే, ఏ పనైనా సరే పద్ధతిగా జరగాలంటాడు. బల్ల మీద పైడిరాజుగారి ఫైలు ఉంది. అప్పటికే పదకొండు పేజీలు అయింది.

“చూడవయ్యా తవిటినాయుడూ. ఒక సీటులో ఉన్నవాడు రానప్పుడు ఇంకొకడు ఆ సీటులో కూర్చోవాలంటే ఇన్‌చార్జి ఉత్తర్వు ఉండాలి. ఉత్తర్వు లేకుండా కూర్చుంటే దాన్ని ఏమంటారు? ఆక్రమణ అంటారు. నా కార్యాలయంలో ఒక లైను ఇంకో లైనును ఆక్రమించడాన్ని నేను అనుమతించలేను.”

అది లైనండీ, ఉద్యోగి కాదండీ అన్నాను. పని చేస్తోందా లేదా అన్నారు. చేస్తోందన్నాను. ప్రభుత్వం డబ్బు ఇస్తోందా లేదా అన్నారు. ఇస్తోందన్నాను. అయితే తేడా ఏమిటో రాతపూర్వకంగా సమర్పించమన్నారు. ఆ సాయంత్రమంతా కూర్చున్నాను గానీ నాకు రాయడం చేతకాలేదు.

దాంతో పెట్టెలో తనంతట తాను మారే ఏర్పాటు ఆపేశాను. ముందు రెండు లైన్లలో సీనియర్ ఎవరో తేల్చాలన్నారు. మొదటిది పదకొండూ పదికి బిగించాను, రెండోది పదకొండూ నలభైకి. ఆ ప్రకారం సీనియారిటీ జాబితా తయారుచేసి, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లోగా తెలుపుకోవలెనని పెట్టె పక్క గోడకు అతికించారు. గడువు ముగిసింది. ఏ లైనూ అభ్యంతరం చెప్పలేదు. పైడిరాజుగారు ఆ విషయాన్ని ఫైల్లో ప్రత్యేకంగా రాసి, జాబితాను ఖరారు చేశారు. ఆ పదిహేను రోజులూ జాబితా పెండింగులో ఉన్నందువల్ల ఏ లైనూ పనిచేయలేదు. కిటికీ దగ్గర వరస ఐసు ఫ్యాక్టరీ దాకా పెరిగింది.

జాబితా ఖరారైన నాడే ఐసు లారీ వచ్చింది. మొదటి లైను పడిపోయింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళి చెప్పాను. గుమాస్తా నోటు పెట్టాడు, పైడిరాజుగారు దాని మీద తన అభిప్రాయం రాశారు, పరాంకుశరావుగారు మీటింగులోంచి వచ్చి సంతకం చేశారు. మొదటి లైను అస్వస్థత కారణంగా గైరుహాజరైనందున, దాని బాధ్యతలను రెండో లైను తన విధులతో పాటు అదనంగా నిర్వర్తించవలెనని ఉత్తర్వు జారీ అయింది. దీనికి మూడున్నర గంటలు పట్టింది. ఆ ఉత్తర్వు పట్టుకుని పెట్టె దగ్గరికి వెళ్ళేసరికి మొదటి లైను తిరిగొచ్చి పది నిమిషాలైంది.

తిరిగొచ్చిన లైనును ఊరికే చేర్చుకోవడానికి లేదు, జాయినింగ్ రిపోర్టు కావాలి. దానికి చేతులు లేవు గనక దాని తరఫున నేను రాశాను. పైడిరాజుగారు పాత కాగితమూ కొత్త కాగితమూ పక్కపక్కన పెట్టి చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశారు. పొద్దున వెళ్ళినప్పుడు దాని నంబరు చివర నలభై ఆరు ఉంది. వచ్చినప్పుడు రెండువందల మూడు ఉంది.

“వెళ్ళినవాడు ఒకడు, వచ్చినవాడు ఇంకొకడు. ఇది మనదే అని నమ్మకమేమిటి?” అన్నాడాయన.

తీగ అదే, కంపెనీ అదే, నంబరు ఒక్కటే మారుతుందని ఎంత చెప్పినా వినలేదు. నంబరు మార్చుకోదలచిన ఉద్యోగి పదిహేను రోజుల ముందు అనుమతి కోరవలెను, అలా కోరినట్టు ఫైల్లో ఎక్కడా లేదు. ఏ నంబరు వస్తుందో కంపెనీకే ముందు తెలియదండీ అన్నాను. తనకే తెలియని పని తాను చేయడం మరింత తీవ్రమైన నేరమని పరాంకుశరావుగారు తేల్చారు.

మొదటి లైనుకు మెమో ఇచ్చారు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమన్నారు. మెమో అందినట్టు సంతకం కావాలి గనక, స్వీకరించడానికి నిరాకరించినట్టుగా భావించి, ఇద్దరు సాక్షుల ఎదుట పెట్టె మీద అతికించారు. ఒక సాక్షిని నేనే. ఆ ఏడు రోజుల్లో లైను సంజాయిషీ ఇవ్వకపోగా, మరో పంతొమ్మిదిసార్లు నంబరు మార్చింది. పెట్టెలో ఆ చిట్టా అంతా ఉంటుంది. అడిగారు కదా అని అచ్చేసి ఇవ్వడం నేను చేసిన తెలివితక్కువ పని. అది చూసి పరాంకుశరావుగారు నిట్టూర్చారు. ఎదురుతిరిగే ధోరణి స్పష్టంగా కనపడుతోందన్నారు. మొదటి లైనును సస్పెండు చేశారు.

సస్పెన్షన్లో ఉన్న ఉద్యోగికి జీవనభృతిగా సగం జీతం ఇవ్వాలి. జీతం కంపెనీకి పోతుంది గనక, లైనుకు సగం వేగం ఇవ్వమన్నారు. పెట్టెలో ఆ ఏర్పాటు ఉంది, ఇచ్చాను. అనుమతి లేకుండా హెడ్‌క్వార్టర్సు వదిలి వెళ్ళరాదన్న షరతు కూడా ఉత్తర్వులో ఉంది. అంటే ఆ లైను ఆవరణ దాటి బయటికి పోకూడదు. ఆవరణ దాటని ఇంటర్నెట్టుతో ఏం చేయవచ్చో నాకు ఇప్పటికీ తెలియదు. గుమాస్తాలు మాత్రం ఒకరికొకరు టీ వేళ అయిందని సందేశాలు పంపుకున్నారు.

ఇక మిగిలింది రెండో లైను. జూనియరు గనక అది ఇంకా ప్రొబేషన్లో ఉందని పైడిరాజుగారు ఇప్పుడు కనిపెట్టారు. ప్రొబేషన్ పూర్తికాని వాడికి పూర్తి బాధ్యతలు ఇవ్వకూడదు. పైగా మే నెల ఆఖర్న కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడు అది కూడా నంబరు మార్చుకుంది. ఇంత చిన్న వయసులోనే ఇలాంటి బుద్ధులు రావడం బాధాకరమని పరాంకుశరావుగారు నాతో అన్నారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

మీకు నవ్వు రావచ్చు. నాకూ మొదట్లో వచ్చింది. అయితే రోజూ ఎనిమిదింటికే వచ్చి మెట్ల మీద కూర్చునే పోలమ్మను చూస్తే నవ్వు ఆగిపోయేది. పెట్టె మీద రెండు ఆకుపచ్చ దీపాలు మినుకుమినుకుమంటుండేవి. రెండు లైన్లూ గుండ్రాయిలా ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఇంటర్నెట్టు లేనిది మా ఆఫీసు ఒక్కటే.

ఒకరోజు పోలమ్మ నన్ను పిలిచి, “బాబూ, ఆ డబ్బాని దాని మానాన దాన్ని ఒగ్గేస్తే మా కాయితాలన్నీ ఎల్డానికి ఎంతసేపు పడతాది?” అని అడిగింది.

గట్టిగా గంట అన్నాను. ఆమె దీపాలవంక కాసేపు చూసి లేచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆమె చీకటి పడేదాకా వల సరిచేసిందని తర్వాత తెలిసింది.

జూన్ మొదటివారంలో చిక్కుముడి విడిపోయింది. విప్పింది పైడిరాజుగారే. సీనియరు సస్పెన్షన్లో ఉండి, జూనియరుకు అర్హత లేనప్పుడు, ఆ బాధ్యతలు కార్యాలయాధిపతి స్వయంగా వహించవలెనని పాత నిబంధనల పుస్తకంలో నూట నలభై రెండో పేజీలో ఉంది. పరాంకుశరావుగారు ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. మూడో తేదీ ఉదయం తన విధులతో పాటు ఇంటర్నెట్టుగా కూడా బాధ్యతలు స్వీకరించినట్టు సంతకం చేశారు.

ఇంటర్నెట్టు చేసే పనేమిటని నన్ను అడిగారు. ఇక్కడి సమాచారం అక్కడికి, అక్కడిది ఇక్కడికి తీసుకురావడమని చెప్పాను. ఆయన తలాడించి, దరఖాస్తులను ఒక పెన్‌డ్రైవులో వేయించుకుని, దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఎనిమిదింపావు పట్నం బస్సెక్కారు. పట్నం ఎనభై కిలోమీటర్లు. ప్రధాన కార్యాలయం కౌంటరులో ఒక మనిషి దగ్గర రోజుకు పదిహేను దరఖాస్తులే తీసుకుంటారు. ఆ పదిహేను లైసెన్సులూ చేయించుకుని ఆరింటి బస్సుకు తిరిగొచ్చేవారు.

ఆయన్ను తప్పుపట్టలేం. ఎండకు మొహం నల్లబడింది. సీటు దొరక్క నిలబడి వెళ్ళిన రోజులున్నాయి. మధ్యదారిలో బస్సు చెడిపోతే ఆ గంటన్నరనూ ‘సాంకేతిక అంతరాయం’ అని తానే రిజిస్టరులో రాసుకున్నారు. ఒకరోజు బస్సులో ఎవరో ఇంటర్నెట్టు రావడం లేదని విసుక్కుంటే, వెనక సీట్లోంచి లేచి క్షమాపణ చెప్పారట. ఆదివారమూ రెండో శనివారమూ ఇంటర్నెట్టుకు సెలవు. పదమూడో తేదీ సాయంత్రానికి తొమ్మిది పనిదినాల్లో నూట ముప్పై ఐదు లైసెన్సులు వచ్చాయి. నూట యాభై ఐదు మిగిలాయి. పోలమ్మది వాటిలో ఉంది. చేతిలో ఉన్నది ఒక్క రోజు.

పద్నాలుగో తేదీ పొద్దున నేను వెళ్ళేసరికి పరాంకుశరావుగారు ఆఫీసు వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. నడుము పట్టేసింది. అటూ తిరగలేరు, ఇటూ తిరగలేరు. ఒక చేత్తో పెన్‌డ్రైవు ఉన్న జేబును పట్టుకుని ఉన్నారు. బస్సు వేళ దాటిపోతోందని కంగారు పడుతున్నారు. పైడిరాజుగారు గొడుగు పట్టారు. మెట్ల కింద నూట యాభై మందీ కదలకుండా చూస్తున్నారు. అందరికీ లెక్క తెలుసు. ఆయన బస్సెక్కితే పదిహేను మంది పడవలు రేపు నీళ్ళలో ఉంటాయి. ఎక్కకపోతే ఒక్కటీ ఉండదు. అందుకని, సారును మంచం మీద మోసుకెళ్ళి బస్సెక్కిద్దామని ముందున్న పదిహేను మందీ అంటున్నారు.

పోలమ్మ వాళ్ళను తోసుకుని పైకి వచ్చింది.

“ఏటి బాబూ ఇది. నడుం సూడు, సుక్కానిలాగ ఒంగిపోనాది. ఇలాగ బస్సెక్కితే మరి లెగవ్వు. సెలవెట్టేసి ఇంటికెల్లి తొంగో.”

“నేను సెలవు పెడితే ఇంటర్నెట్టు ఎవరమ్మా?” అన్నారు పరాంకుశరావుగారు. నొప్పిలో కూడా ఆ మాటలో గర్వం వినపడింది.

“మనిసన్నాక జొరం రాదా, నొప్పి రాదా. సెలవనేది గవర్మెంటోడు ఎందుకెట్టినాడు? నీకు పద్దతి తెలీదేటి, నాను సెప్పాలా?”

పద్ధతి అన్న మాట వినగానే ఆయన ఆలోచనలో పడ్డారు. అస్వస్థత కలిగినప్పుడు సెలవు పెట్టకపోవడం కూడా నిబంధనల ఉల్లంఘనే అవుతుందని నెమ్మదిగా ఒప్పుకున్నారు. ఒకరోజు క్యాజువల్ లీవుకు దరఖాస్తు రాసిచ్చారు. పోలమ్మ దాని మీద సిరా ఆరేదాకా ఊది పైడిరాజుగారి చేతికిచ్చింది. ఇవ్వడంతోపాటు నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాకు అర్థమవడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది.

పైడిరాజుగారు దరఖాస్తు చదివి తల అడ్డంగా ఊపారు. సెలవు మీద వెళ్ళేవారు బాధ్యతలు అప్పగించకుండా వెళ్ళడానికి వీల్లేదు. ఇంటర్నెట్టు సీటు ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండరాదు. ఎవరికి అప్పగిస్తారు?

మీరే తీసుకోండని పరాంకుశరావుగారు అన్నారు. పైడిరాజుగారి మొహం పాలిపోయింది. ఆయనకు బస్సు పడదు. పది కిలోమీటర్లు పోయేసరికి కడుపులో తిప్పేస్తుంది. పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళడు. ఆయన ఒక్క ఉదుటున లోపలికి వెళ్ళి నిబంధనల పుస్తకం తెచ్చి, నిలబడే పేజీలు తిప్పాడు. ఆ మనిషి అంత త్వరగా కదలడం ఆఫీసులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. రెండువందల ఆరో పేజీలో దొరికింది. అత్యవసర పరిస్థితుల్లో, ఒక్క రోజుకు మించకుండా, ప్రొబేషన్లో ఉన్నవారికి కూడా బాధ్యతలు అప్పగించవచ్చును. ఆ కాలంలో వారు చేసిన పనులను అధికారి తిరిగి వచ్చిన పిమ్మట ఆమోదించవలెను.

“అయితే నంబరు సంగతో?” అన్నారు పరాంకుశరావుగారు.

“ఆ రోజున ఏ నంబరుంటే అది, మీరొచ్చాక ఆమోదిస్తారండీ” అన్నారు పైడిరాజుగారు, కళ్ళు మూసుకుని.

ఉత్తర్వు నన్ను టైపు చేయమన్నారు. అప్పటికి పోలమ్మ చూపు నాకు పూర్తిగా అర్థమైంది. రెండో లైను బాధ్యతలు వహించవలెనని టైపు చేశాను. దాని కింద, ‘మరియు సదరు లైనుకు అంతరాయం కలిగినచో, పెట్టె తన విచక్షణ మేరకు పనిచేయగల మరే లైను సేవలనైనా వినియోగించుకొనవచ్చును’ అని ఒక వాక్యం చేర్చాను. పరాంకుశరావుగారు దాన్ని రెండుసార్లు చదివారు. భాష పద్ధతిగా ఉందని మెచ్చుకుని సంతకం చేశారు. నలుగురు పట్టుకుని ఆయన్ను ఆటో ఎక్కించారు.

ఆటో మలుపు తిరిగాక నేను పెట్టె ముందు కూర్చుని, నెలన్నరగా ఆపి ఉంచిన ఏర్పాటును మళ్ళీ మొదలుపెట్టి, మొదటి లైను ఆవరణ దాటకూడదన్న అడ్డు కూడా తీసేశాను. తొమ్మిదీ నలభైకి మొదటి దరఖాస్తు వెళ్ళింది. గుమాస్తాలు ఎక్కిస్తున్నారు, నేను చూస్తున్నాను, పైడిరాజుగారు చూడటం లేదు. డెబ్భయ్యో దరఖాస్తు దగ్గర రెండో లైను పడిపోయింది. సస్పెన్షన్లో ఉన్న మొదటి లైను కిమ్మనకుండా అందుకుని, సగం వేగంతోనే ఐదు నిమిషాలు లాగింది. రెండోది కొత్త నంబరుతో తిరిగొచ్చి తన పని తాను తీసుకుంది. ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే. నాకు కళ్ళు చెమర్చాయి. ఇన్ని అవమానాలు పడి కూడా ఆ తీగ నా మాట నిలబెట్టింది.

మొత్తం నూట యాభై ఐదూ వెళ్ళడానికి ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. అన్నిటికీ గంటని పోలమ్మతో చెప్పాను, సగానికి అరగంట లెక్కన ఒక్క నిమిషం తప్పాను. అవతల పట్నంలో కౌంటరు దగ్గర ఆ రోజు పదిహేనూ తెచ్చే మనిషి రాకపోవడంతో వాళ్ళకు వేరే పనేమీ లేదు. మధ్యాహ్నానికి లైసెన్సులు రావడం మొదలైంది. పోలమ్మది ఒంటిగంటకు అచ్చయింది. ఆమె ఆ కాగితాన్ని కళ్ళకు అద్దుకోలేదు, దండం పెట్టలేదు. పడవ నంబరు సరిగ్గా పడిందో లేదో పక్క కుర్రది చదివితే విని, మడిచి, రొంటిన దోపుకుంది. “మరి మనం ఎల్దామా” అని తన ఐదు కుటుంబాల వాళ్ళనీ కేకేసింది. మర్నాడు తెల్లవారుజామున రేవులో అన్ని పడవలూ ఒకేసారి నీళ్ళలోకి దిగాయి. నేను అక్కడే ఉన్నాను. చాలా సంతోషం వేసింది.

పరాంకుశరావుగారు నడుముకు పట్టీ కట్టుకుని సోమవారం తిరిగొచ్చారు. ఒకరోజు సెలవు కాస్తా మధ్యలో ఒక పండగా ఒక ఆదివారమూ కలిసి బాగానే సాగింది. రాగానే ఇంటర్నెట్టుగా తిరిగి బాధ్యతలు స్వీకరించి, జరిగినదాన్నంతా ఆమోదించి, పెట్టెలో ఏర్పాటు ఆపించి, ఎనిమిదింపావు బస్సెక్కారు. నేను నోరు తెరిచి ఏదో చెప్పబోయాను. నీ ఉత్తర్వు భాష బాగుందయ్యా, ఇక్కడే ఉండిపో అన్నారు. అందుకే ఇంకా ఇక్కడే ఉన్నాను.

ఆగస్టులో ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఉత్తరం కూడా ఆయనే తెచ్చారు. ఒకే రోజున నూట యాభై ఐదు లైసెన్సులు పూర్తిచేసిన ఘనత రాష్ట్రంలో మరే కార్యాలయానికీ లేదని, అందుకు ఉప సంచాలకులను ఉత్తమ అధికారిగా ఎంపిక చేశామని, రాజధానిలో మూడు రోజుల సన్మాన సభకు రావలసిందని అందులో ఉంది. పరాంకుశరావుగారు కొత్త చొక్కా కుట్టించుకున్నారు. పద్ధతిగా నడిచే కార్యాలయానికి గుర్తింపు ఎప్పటికైనా వస్తుందని మా అందరికీ చిన్న ఉపన్యాసం ఇచ్చారు. బాధ్యతలు అప్పగించే ఉత్తర్వు మళ్ళీ నన్నే టైపు చేయమన్నారు. మూడు రోజులు గనక, రోజుకొకటి చొప్పున మూడు ఉత్తర్వులు.

ఆయన బయల్దేరిన రోజు పొద్దున్నే పోలమ్మ కిటికీ దగ్గర ఉంది. వెనక వరస రోడ్డు దాటి పోయింది. పడవల పేర్లు మార్చుకోవాల్సినవాళ్ళు, గుర్తింపు కార్డులు పోగొట్టుకున్నవాళ్ళు, డీజిలు రాయితీ ఆగిపోయినవాళ్ళు, జూన్ నుంచీ దాచుకున్న పనులన్నీ పట్టుకొచ్చారు. ఇదివరకు ఆ కిటికీ దగ్గర అందరూ ముందు అడిగే మాట ‘నెట్టు ఉందా’ అని. ఇప్పుడది ఎవరూ అడగడం లేదు.

“సారు సెలవేనా బాబూ?” అంది పోలమ్మ.

సెలవేనని చెప్పాను. మూడు రోజులూ సెలవేనన్నాను. ఆమె వెనక్కి తిరిగి ఆ కబురు చెబితే వరస చివరిదాకా పాకింది. మూడో రోజు సాయంత్రానికి పనులన్నీ అయిపోయి కిటికీ ఖాళీ అయ్యాక, ఆమె పైట కొంగులోంచి ఒక కాగితం తీసింది. మత్స్యకారుల సంఘం తీర్మానం. కింద రెండువందల తొంభై వేలిముద్రలూ సంతకాలూ ఉన్నాయి. ఇంత గొప్ప అధికారిని ఒక్క సన్మానంతో వదిలిపెట్టడం అన్యాయమనీ, నెలకొకటి చొప్పున, వీలైతే దూరదేశాల్లో, సన్మానాలు జరిపించవలసిందనీ ప్రభుత్వాన్ని వేడుకుంటున్నారు.

“రేపు సారొచ్చీలోగా ఇది పంపించీ బాబూ” అంది.

పంపించాను. వెళ్ళిందో లేదో తెర మీద చూసి, వెళ్ళిందని చెప్పి, పెట్టెలో ఏర్పాటు ఆపేశాను.